తిరుపతిలో గ్రూప్‌గా వ్యాన్ మాట్లాడుకుని తిరగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఉంటామని తెలిస్తే చాలు, హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి, కర్నూలు నుంచి చుట్టాలు, వాళ్ల చుట్టాలు ఫోన్ చేస్తూనే ఉంటారు. "పదిహేను మందిమి వస్తున్నాం, ఒక వ్యాన్ చూసి పెట్టు" అంటారు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా సందేహాలు మొదలవుతాయి. ఎవరు అడిగినా సందేహాలు ఇంచుమించు ఇవే కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## బండి మాట్లాడకముందు

మేము పన్నెండు మందిమి, పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ సరిపోతుందా?

మనుషులకు సరిపోతుంది, సామానుకు సరిపోదు. వెనక సీటు వెనకాల ఉండే చోటులో నాలుగైదు బ్యాగులు పడితే గొప్ప, మిగతావన్నీ నడవలో పెట్టుకుని కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. లగేజీతో వచ్చే పన్నెండు మందికి పదిహేడు సీట్లది మాట్లాడుకోండి, అద్దెలో తేడా తలా కొంచెమే పడుతుంది. సామాను హోటల్‌లో పెట్టేసి చేతి సంచులతో తిరిగేటట్టయితే పన్నెండు సీట్లది చాలు. పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం, పదిహేను మందిమైనా సర్దుకుంటాం అని మాత్రం అనుకోకండి. పర్మిట్‌లో రాసిన సీట్లకు మించి ఎక్కితే చెక్‌పోస్టులో జరిమానా పడుతుంది, దేవుడి దయవల్ల ఏమీ జరగకూడదు గానీ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇబ్బందే.

వ్యాన్ ఒకటి మేలా, రెండు కార్లు మేలా?

ఎనిమిది, తొమ్మిది మంది వరకు ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. కారైతే గుడికి దగ్గరగా వెళ్తుంది, పార్కింగ్ సులువు. వ్యాన్ అయితే అందరూ ఒకేచోట ఉంటారు, ఒకే డ్రైవర్, ఒకే లెక్క, "ముందు కారు వాళ్లు ఎక్కడున్నారు" అని ఫోన్లు చేసుకునే పని ఉండదు. పది దాటితే నా ఓటు వ్యాన్‌కే.

మాతో పెద్దవాళ్లు ఉన్నారు, వ్యాన్ ఎక్కడం కష్టమా?

కష్టమే, దీన్ని చాలామంది బయల్దేరాక గానీ పట్టించుకోరు. టెంపో ట్రావెలర్ మెట్టు నేల నుంచి బాగా ఎత్తులో ఉంటుంది. మా మేనత్తకు మోకాళ్లు అరిగిపోయాయి, ఆమె ఎక్కేటప్పుడు ముందు ఒక చేత్తో తలుపు పక్క కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి వెనకున్నవాళ్ల భుజం మీద వేసి, బాగున్న కాలు మెట్టు మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుని అప్పుడు లేస్తుంది. ఒకరోజులో అలా పదిహేను సార్లు ఎక్కి దిగాలంటే సాయంత్రానికి దర్శనం మీద మనసు ఉండదు, నొప్పి మీదే ఉంటుంది. అందుకే ఒక గట్టి ప్లాస్టిక్ స్టూల్, జానెడు ఎత్తుది, బండిలో వేసుకోండి. కొందరు డ్రైవర్ల దగ్గర ఉంటుంది, ముందే అడగండి. పెద్దవాళ్లను తలుపు పక్క మొదటి సీటులో కూర్చోబెట్టండి, వెనక వరుసకు పంపకండి. రోజుకు ఎన్ని చోట్ల ఆగాలో కూడా వాళ్ల మోకాళ్లను బట్టే లెక్క వేసుకోండి.

ఏ రోజుల్లో రాకపోతే మంచిది?

శని, ఆదివారాలు, వేసవి సెలవులు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, బ్రహ్మోత్సవాలు. వీటితో పాటు దూరపు వాళ్లకు తెలియనిది పెరటాసి నెల, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు. ఆ శనివారాల్లో తమిళనాడు నుంచి భక్తులు విపరీతంగా వస్తారు, బండ్లు దొరకవు, దొరికినా రేటు మామూలుగా ఉండదు. మంగళ, బుధ, గురువారాలు కలిసొచ్చేలా చూసుకుంటే బేరం ఆడే వీలైనా ఉంటుంది.

రైలు దిగాక స్టేషన్ బయటే మాట్లాడుకోవచ్చా?

ఇద్దరు ముగ్గురికి ఆటోనో కారో అయితే పర్వాలేదు. పెద్ద వ్యాన్‌కు వద్దు. తెల్లవారుజామున పిల్లలతో, సామానుతో నిలబడి ఉంటే బేరం మన చేతిలో ఉండదు. కనీసం వారం ముందు మాట్లాడి బండి నంబరు, లోపలి ఫోటోలు, డ్రైవర్ ఫోన్ నంబరు తెప్పించుకోండి.

## రేటు, ఒప్పందం

"రోజుకు ఇంత" అంటున్నారు, అందులో ఏమేం కలుస్తాయి?

గొడవలన్నీ ఇక్కడే వస్తాయి కాబట్టి ఒక్కొక్కటే అడగండి. డీజిల్ కలిసిందా? రోజుకు ఎన్ని కిలోమీటర్ల వరకు, దాటితే కిలోమీటరుకు ఎంత? టోల్, పార్కింగ్, అలిపిరి టోల్ ఎవరివి? డ్రైవర్ బత్తా విడిగా ఇవ్వాలా? రోజు అంటే పొద్దున ఎక్కిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలా, లేక అర్ధరాత్రికి తేదీ మారితే రెండో రోజు లెక్కా? రాత్రి పదకొండుకు దిగాల్సినవాళ్లు దర్శనం ఆలస్యమై ఒంటిగంటకు దిగితే ఈ ఒక్క మాట మీద ఇంకో రోజు అద్దె పడుతుంది. ఏసీ ఎప్పుడూ వేస్తారా, ఘాట్ ఎక్కేటప్పుడు ఆపేస్తారా అని కూడా అడగండి. ఎక్కుడులో ఇంజిన్ మీద భారం తగ్గించడానికి చాలామంది ఆపేస్తారు, అది మామూలే, కాకపోతే ముందే తెలిస్తే బండిలో చిరాకులుండవు.

ఇవన్నీ మాట్లాడాక వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా రాసి పంపి, "ఓకే" అనిపించుకోండి. నోటిమాట మీద నమ్మకం లేక కాదు, ఫోన్‌లో మాట్లాడేది ఓనరు, బండి తెచ్చేది వేరే డ్రైవరు, మీరు అనుకున్నది ఆయనకు చేరకపోవచ్చు.

షెడ్ టు షెడ్ అంటే ఏంటి?

బండి తన షెడ్ నుంచి బయల్దేరినప్పటి నుంచి తిరిగి షెడ్‌కు చేరేవరకు తిరిగిన కిలోమీటర్లన్నీ మీ ఖాతాలోనే. తిరుపతి బండికి ఇది పెద్ద తేడా కాదు. తక్కువ రేటని చెన్నై నుంచో నెల్లూరు నుంచో బండి తెప్పిస్తే మాత్రం ఖాళీగా వచ్చి పోయే దూరం కూడా మీరే కట్టాలి. ఎక్కగానే మీటరు రీడింగ్ ఫోటో తీసుకోండి.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి?

బండి ఖాయమయ్యేంత, మొత్తంలో పావు వంతుకు మించకుండా. పూర్తి డబ్బు ముందే అడిగేవాళ్ల దగ్గర మాట్లాడకండి.

తెల్ల బోర్డు బండి తక్కువకు వస్తోంది, తీసుకోమంటారా?

వద్దు. అద్దెకు తిప్పాల్సింది పసుపు బోర్డు బండే. తెల్ల బోర్డు సొంత వాడకానికి. చెక్‌పోస్టులో ఆపితే బండి అక్కడే నిలిచిపోతుంది, మీరు పిల్లలతో రోడ్డు మీద నిలబడతారు. మిగిలే డబ్బు ఆ టెన్షన్‌కు సరిపోదు.

కాణిపాకం చూసుకుని అట్నుంచి అటే వేలూరు గోల్డెన్ టెంపుల్‌కు పోవచ్చా?

పోవచ్చు, చాలామంది పోతారు. అయితే ఆ గుడి ఉన్న శ్రీపురం, వేలూరు దగ్గరిది, తమిళనాడులోది, బండికి ఆ రాష్ట్రం పర్మిట్, ట్యాక్స్ ఉండాలి. ఈ మాట చిత్తూరు దాటాక గుర్తొస్తే లాభం లేదు, మాట్లాడుకునే రోజే "తమిళనాడు వెళ్తాం" అని చెప్పండి, ఆ ఖర్చు ఎవరిదో తేల్చుకోండి. అక్కడ కూడా లోపల చాలా దూరం నడవాలి, పెద్దవాళ్లుంటే ఆ రోజు వేరే ఏదీ పెట్టుకోవద్దు.

## ఏ రోజు ఎటు వెళ్లాలి

ఒక్కరోజులో తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం, చంద్రగిరి అన్నీ చూసేయొచ్చా?

వ్యాన్ తిరగగలదు, మనుషులు తిరగలేరు. కాళహస్తి తిరుపతికి తూర్పున దాదాపు 40 కిలోమీటర్లు, కాణిపాకం దానికి పూర్తిగా ఎదురు దిక్కున చిత్తూరు దగ్గర, దాదాపు 70 కిలోమీటర్లు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సగం రోజు సీట్లోనే గడిచిపోతుంది, గుడిలో "త్వరగా రండి, టైమ్ అయిపోతోంది" అంటూ ఒకరినొకరు తరుముకోవడమే సరిపోతుంది. అంత దూరం నుంచి వచ్చేది దానికి కాదు కదా.

నేనైతే ఒక రోజుకు ఒక దిక్కు అంటాను. పడమటి వైపు రోజు పొద్దున్నే కాణిపాకం వెళ్లి, తిరుగు దారిలో చంద్రగిరి కోట, శ్రీనివాసమంగాపురం. తూర్పు వైపు రోజు తిరుచానూరు అమ్మవారు, దారి నుంచి కాస్త పక్కకు మళ్లి గుడిమల్లం, చివర కాళహస్తి. దక్షిణపు వైపు వెళ్లాలనుకుంటే అప్పలాయగుంట, నారాయణవనం, ఓపికుంటే నాగలాపురం గుళ్లు. ఊళ్లోని గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం సగం రోజు చాలు. మీకున్నది ఒక్కరోజే అయితే ఒక్క దిక్కే ఎంచుకోండి, మిగతావి మళ్లీ వచ్చినప్పుడు చూద్దురు గానీ.

కాళహస్తి చూశాక వేరే గుడికి వెళ్లకూడదంటారు, మరి ఎప్పుడు పెట్టుకోవాలి?

ఆ నమ్మకం మా వైపు బలంగా ఉంది. రాహుకేతు పూజ చేయించుకున్నవాళ్లు నేరుగా ఇంటికే వెళ్లాలంటారు. మీ గ్రూపులో ఈ పట్టింపు ఉన్నవాళ్లు ఒక్కరున్నా కాళహస్తిని ఆఖరి రోజు ఆఖరి గుడిగా పెట్టండి, వాదన పెట్టుకోవద్దు. దీనికి ఒక సౌకర్యం కూడా ఉంది, కాళహస్తి వెళ్లేది రేణిగుంట మీదుగానే కాబట్టి తిరిగొచ్చి అక్కడే రైలో, విమానమో ఎక్కేయొచ్చు.

పూజ చేయించుకునేవాళ్లలో ఎక్కువమంది రాహుకాలంలోనే కూర్చోవాలనుకుంటారు. ఆదివారమైతే సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు, సోమవారమైతే పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది, ఇలా వారాన్ని బట్టి మారుతుంది. ఆ గంటన్నరలో రద్దీ బాగా ఉంటుంది. పూజ అక్కర్లేదు, వాయులింగ దర్శనం చాలు అనుకునేవాళ్లు రాహుకాలం తప్పించి వెళ్తే ప్రశాంతంగా చూడొచ్చు. గాలి చొరబడని గర్భగుడిలో దీపం కదులుతూ ఉంటుందని చెబుతారు, ఆ దీపాన్ని నిదానంగా చూడాలంటే ఖాళీ వేళే మంచిది.

మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు కదా, ఆ టైమ్‌లో ఏం చేయాలి?

కాళహస్తి లాంటి పెద్ద గుళ్లు మధ్యాహ్నం కూడా తెరిచే ఉంటాయి. చిన్న ఊళ్ల గుళ్లు చాలావరకు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. ఆ వేళకు చంద్రగిరి కోట పెట్టుకోండి. రాజమహల్, రాణీమహల్ రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి, రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి, 1639లో మద్రాసు స్థలం ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్లింది కూడా ఈ చంద్రగిరి రాజుల కాలంలోనే. పైన రాతి కొండ, కింద పచ్చిక, పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత చోటు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది చూసుకోండి.

గుడిమల్లం దాకా వెళ్లడం దండగా?

దండగ కానే కాదు. మన దేశంలోని అతి పురాతన శివలింగాల్లో ఒకటి అక్కడుంది, లింగం మీదే శివుడి నిలువెత్తు రూపం చెక్కి ఉంటుంది, కాళ్ల కింద మరుగుజ్జు రూపం. గుడి చిన్నది, జనం తక్కువ, పక్కన కూర్చుని ఎంతసేపైనా చూడొచ్చు. తిరుపతి దాకా వచ్చి దీన్ని చూడకుండా వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పల్లె దారి కాబట్టి వ్యాన్ నెమ్మదిగా వెళ్తుంది, వెలుతురు ఉండగానే వెళ్లండి.

పిల్లలు గుళ్లంటే విసుక్కుంటున్నారు, వాళ్లకేమైనా ఉందా?

శ్రీవేంకటేశ్వర జూపార్కు ఉంది, చాలా విశాలం, నడిచి తిరగలేరు కాబట్టి లోపల బ్యాటరీ బండి ఎక్కండి. మంగళవారం సెలవు. అలిపిరి దారిలో ప్రాంతీయ సైన్స్ సెంటర్ ఉంది, గంటన్నర హాయిగా గడుస్తుంది. రోజుకు ఇలాంటిది ఒక్కటి పెట్టినా పిల్లలు మిగతా గుళ్లకు పేచీ పెట్టకుండా వస్తారు.

తలకోనకు వ్యాన్ వెళ్తుందా?

వెళ్తుంది, భాకరాపేట ఘాట్ మీదుగా. జలపాతం దాదాపు 270 అడుగుల ఎత్తు, వానలు పడ్డాక అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు నీళ్లు బాగుంటాయి, ఎండాకాలంలో వెళ్తే సన్నటి ధార కనిపిస్తే ఎక్కువ. బండి దిగాక అడవిలో రాళ్ల మీద నడక ఉంటుంది. భారీ వానలప్పుడు అటవీ శాఖ వాళ్లు సందర్శకులను ఆపేస్తారు, ఆ వారం సంగతి డ్రైవర్‌ను అడిగాకే బయల్దేరండి.

గోవిందరాజస్వామి గుడి ముందు వ్యాన్ ఆపుతారా?

ఆపలేరు. స్టేషన్ పక్కనున్న ఆ వీధులు ఇరుకు, ఎప్పుడూ జనమే. దగ్గర్లో దించి బండి దూరంగా పెట్టుకుంటారు. దిగేటప్పుడే "మళ్లీ ఎక్కడ ఎక్కాలి" అన్నది ఒక షాపు బోర్డునో, సర్కిల్‌నో చూపించుకుని ఖాయం చేసుకోండి.

## కొండ మీదికి

తిరుమలకు ఇదే వ్యాన్‌లో వెళ్లాలా, బస్సులో వెళ్లాలా?

ఇది మీ దర్శనాన్ని బట్టి ఉంటుంది. మూడొందల రూపాయల టికెట్లు ముందే తీసుకుని, అదే రోజు కిందకి వచ్చేసేవాళ్లకు వ్యాన్ సౌకర్యమే. సర్వదర్శనం అయితే కంపార్టుమెంట్లలో ఎన్ని గంటలు కూర్చోవాలో చెప్పలేం, అంతసేపూ పార్కింగ్‌లో వ్యాన్‌కు అద్దె నడుస్తూనే ఉంటుంది. కొండ మీద రాత్రి ఉండేవాళ్లు కూడా ఆ రోజుకు వ్యాన్‌ను వదిలేయడమే మంచిది. తిరుపతి బస్టాండ్ నుంచి, స్టేషన్ దగ్గర్నుంచి ఆర్టీసీ బస్సులు వరుసగా ఉంటాయి, 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు కూడా నడుస్తున్నాయి, పొగ లేకుండా హాయిగా ఉంటాయి. పైన తిరగడానికి టీటీడీ ఉచిత బస్సులున్నాయి. మిగిలిన డబ్బుతో మరో రోజు వ్యాన్ పెట్టుకుని చుట్టుపక్కల నిదానంగా చూడొచ్చు.

గరుడసేవ లాంటి రోజుల్లో కొండ మీద పార్కింగ్ నిండితే బండ్లను కిందే ఆపేస్తారు, అప్పుడు ఎలాగూ బస్సే గతి.

అలిపిరి దగ్గర ఏం చెక్ చేస్తారు?

అందరూ సామానుతో సహా దిగి స్కానర్ గుండా వెళ్లాలి, ఖాళీ వ్యాన్‌ను విడిగా తనిఖీ చేస్తారు. మందు, సిగరెట్లు, గుట్కా, మాంసాహారం, అన్యమత ప్రచార సామగ్రి ఏవీ పైకి తీసుకెళ్లకూడదు. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసాలు తెచ్చుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, బండికి ఉందో లేదో, అందులో డబ్బుందో లేదో ముందురోజే అడగండి. మరీ పాత బండి అయితే ఘాట్ ఎక్కనివ్వరు. అర్ధరాత్రి పూట కొన్ని గంటలు గేటు మూస్తారు, కాబట్టి రాత్రి రైలు దిగి నేరుగా కొండకు వెళ్దామని ప్లాన్ వేసుకోకండి.

ఘాట్ రోడ్డులో డ్రైవర్ అంత నెమ్మదిగా వెళ్తున్నాడేంటి?

వెళ్లాలి కాబట్టి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నియమం. ఒక టోల్‌గేటులో దాటిన సమయం నమోదవుతుంది, రెండో చివర చూస్తారు, అంతకంటే ముందే చేరితే జరిమానా. ఎక్కే దారి, దిగే దారి వేరువేరు. దిగేది 1944లో వేసిన పాత దారి, మలుపులు మరీ ఎక్కువ. ఆయన్ని తొందరపెట్టకండి, మధ్యలో ఫోటోలకు ఆపమనీ అడగకండి.

ఘాట్‌లో వాంతులు అవుతాయి, ఏం చేయాలి?

ఎక్కే అరగంట ముందు డాక్టర్ చెప్పిన మాత్ర వేసుకోండి, కడుపు నిండా తిని ఎక్కకండి, ముందు వరుసలో కూర్చుని దూరంగా రోడ్డు వైపు చూడండి. ఫోన్ చూడటం మానేయండి. ప్రతి సీటు దగ్గరా ఒక కాగితం కవరు పెట్టుకోండి. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువమందికి అవుతుంది.

గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కదా, గ్రూపులో తప్పిపోతే?

అందరూ కచ్చితంగా అడగాల్సిన ప్రశ్న ఇది. బయటికొచ్చాక లడ్డూ కౌంటర్ల వైపు ఒకరు, ఫోన్లు తీసుకునే చోటికి ఒకరు వెళ్తారు, ఇక వెతుకులాటే. అందుకని క్యూలోకి వెళ్లకముందే అందరూ కలిసి ఒక చోటుకు నడిచి వెళ్లి, చేత్తో చూపించుకుని, "బయటికొచ్చినవాళ్లు ఇక్కడే కూర్చోవాలి" అని చెప్పుకోండి. చిన్న కాగితం ముక్క మీద డ్రైవర్ నంబరు, బండి నంబరు, గ్రూపులో ఇద్దరి నంబర్లు పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి పెద్దవాళ్ల జేబులోనో, కొంగుముడిలోనో పెట్టండి. మనందరికీ నంబర్లు ఫోన్లోనే ఉంటాయి, ఒక్కటీ గుర్తుండదు, ఆ కాగితమే ఆదుకుంటుంది. వెతుక్కునేటప్పుడు పిల్లలు దొరకకపోతే ఆలస్యం చేయకుండా విజిలెన్స్ సిబ్బందికి చెప్పండి, మైకులో పిలుస్తారు.

కొందరు నడిచి ఎక్కుతామంటున్నారు, మిగతావాళ్లం వ్యాన్‌లో వెళ్తే ఎలా కలుస్తాం?

అలిపిరి దారి 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2388 మెట్లు, దూరం తక్కువ కానీ నిటారుగా ఉంటుంది, అది శ్రీనివాసమంగాపురం వైపు. నడిచేవాళ్లను ముందు దించి, సామాను ఉచిత లగేజీ కౌంటర్లో ఇవ్వొచ్చు లేదా వ్యాన్‌లోనే ఉంచొచ్చు. అలిపిరి నుంచి నడిచేవాళ్లకు నాలుగైదు గంటలు పడుతుందని లెక్కేసుకుని, వ్యాన్ వాళ్లు అంత ముందుగా ఎక్కి కాచుకోకండి, ఆ మధ్యలో కపిలతీర్థం చూసుకోవచ్చు.

## తిండి, డ్రైవర్, తిరుగు ప్రయాణం

ఇంతమందికి భోజనం ఎక్కడ?

కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం ఉండగా వేరే చోటు వెతకక్కర్లేదు, వేడివేడిగా ఎంతమందికైనా పెడతారు. కాణిపాకం, కాళహస్తి గుళ్లలోనూ అన్నదానం ఉంది, మధ్యాహ్నం వేళకు చేరాలి. హోటల్ భోజనమే కావాలంటే పన్నెండున్నరలోపు వెళ్లిపోండి, ఒంటిగంట దాటితే పదిహేను మందికి ఒకేచోట బల్లలు దొరకవు.

డ్రైవర్ భోజనం, పడక మేమే చూడాలా?

బత్తా ఇస్తే భోజనం ఆయనే చూసుకుంటాడు. అయినా మీరు తినేచోట ఆయన్నీ పిలవండి. పడక మాత్రం కచ్చితంగా అడగండి. చాలా హోటళ్లలో డ్రైవర్లకు విడిగా గది ఉండదు, రాత్రంతా సీటు మీద ముడుచుకుని పడుకున్న మనిషే పొద్దున మిమ్మల్ని ఘాట్ దింపాలి. కనీసం ఆరు గంటల నిద్ర పట్టేలా మీ ప్లాన్ ఉండాలి. రాత్రి ఒంటిగంటకు దించి నాలుగింటికి రమ్మంటే, ఆయన కాదనకపోయినా మీరు ఆ పని చేయొద్దు.

సాయంత్రం రేణిగుంటలో రైలు, కాళహస్తి చూసుకుని అందుకోగలమా?

రైలు టైముకు నాలుగు గంటల ముందు కాళహస్తి గుడిలోంచి బయటపడేలా చూసుకుంటే నిశ్చింతగా అందుకుంటారు. టికెట్ మీద తిరుపతి అని ఉందో, రేణిగుంట అని ఉందో మరోసారి చూసుకోండి, రెండు స్టేషన్ల మధ్య దాదాపు 10 కిలోమీటర్లు. దిగే ముందు సీట్ల కింద, పైన అర మీద, వెనక డిక్కీలో ఒకరు చేయిపెట్టి చూడాలి. ఎక్కువగా మర్చిపోయేవి లడ్డూ సంచులు, ఫోన్ చార్జర్లు, పెద్దవాళ్ల మందుల డబ్బాలు. మందుల డబ్బా సంగతి ముందు చూడండి, లెక్క తేల్చి డబ్బు ఇచ్చేది ఆ తర్వాత.